పాడేరు, అరకు బోడికొండల మీద గైడ్ లేకుండా రెండు రోజులు నడవొచ్చా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. పాడేరు దగ్గరి వంజంగి కొండకి వెళ్లొచ్చారు. తెల్లవారుజామున అక్కడి జనం, హారన్లు, సెల్ఫీల గోల చూసి విసుగొచ్చింది. మేఘాలు విడిపోయాక దూరంగా చెట్టూ చేమా లేకుండా నున్నగా కనిపించిన కొండల వరుస మీద మనసు పడింది. మీరూ ఇద్దరు స్నేహితులూ కలిసి రెండు రోజులు ఆ పైన నడవాలి. గైడ్ అక్కర్లేదు, ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ ఉంది, రాత్రి పైనే టెంటు వేసుకుంటాం, కుదురుతుందా అన్నారు.

నడవడం కుదురుతుంది. ముగ్గురికీ మామూలు ఆరోగ్యం ఉంటే పెద్ద కష్టమూ కాదు. కానీ మొదటిసారి ఆ కొండ కింది ఊరి మనిషి ఒకరు వెంట లేకుండా పైకి వెళ్లకండి. రాత్రి ఊళ్లోనే పడుకోండి. మధ్యాహ్నం రెండు గంటలకల్లా దిగడం మొదలుపెట్టండి. నవంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి సగం దాకా మంచి కాలం. మ్యాప్ తీసుకెళ్లండి, దండగ కాదు. దాన్నే నమ్ముకుని వెళ్లడం వేరే సంగతి, అది కింద రాస్తాను.

నేను ఉండేది విశాఖలోనే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏజెన్సీ ఊళ్లలో ఊటలు, బోర్లు చూసే పని. రిటైరయ్యాక కూడా చలికాలం వస్తే తెలిసినవాళ్లతో ఆ కొండలెక్కుతూనే ఉన్నాను. డబ్బు తీసుకుని తిప్పే పని నాకు లేదు. కాబట్టి గైడ్‌ని పెట్టుకోమనడంలో నా లాభమేమీ లేదని ముందే చెప్పేస్తున్నాను.

ముందు ఆ కొండల తీరు తెలియాలి. మనకు కొండ అంటే సింహాచలమో కైలాసగిరో. కింద నుంచి ఎక్కుతాం, పైన చూస్తాం, అదే దారిన దిగుతాం. పాడేరు, అరకు వైపు లెక్క వేరు. మీరు బస్సు దిగే ఊరే సముద్రమట్టానికి సుమారు 900 నుంచి 1000 మీటర్ల ఎత్తున ఉంటుంది. కిరండూల్ రైలు ఆగే శిమిలిగుడ స్టేషన్ ఎత్తే 996 మీటర్లు. అక్కడి నుంచి చూస్తే బోడికొండ నెత్తి ఇంకో మూడు నాలుగు వందల మీటర్లు, మహా అయితే అయిదారు వందలు. రాష్ట్రంలోకెల్లా ఎత్తయినవి, 1680 మీటర్ల దాకా పోయేవి, ఈ వరుసల్లోనే ఉన్నాయి. అయినా గంటన్నర, రెండు గంటల్లో పైకి చేరిపోతారు. చేరాక శిఖరం అంటూ ప్రత్యేకంగా ఏదీ కనిపించదు. ఎత్తుపల్లాలుగా గడ్డి, మోకాలెత్తు ఈత పొదలు, అక్కడక్కడ ఎర్రరాయి, ఆగని గాలి. ఎటు చూసినా ఒకే తీరు.

ఎక్కేటప్పుడు దారి తప్పేవాళ్లు తక్కువ. ఎటు ఎక్కినా పైకే పోతారు కదా. దిగేటప్పుడే అసలు పరీక్ష. పైనున్న గడ్డి అంచుకొచ్చి చూస్తే నాలుగైదు చోట్ల దిగొచ్చుననే అనిపిస్తుంది. అందులో ఒకటి మీ ఊరికి, ఒకటి అవతలి లోయకి, మిగిలినవి ఎటూ కాకుండా రాతిగోడ మీదకి. బోడికొండ మీద తెలియాల్సిన విద్య ఒక్కటే, ఎక్కడ దిగాలన్నది. నేను రాయబోయే మిగతాదంతా దాని చుట్టూ తిరిగేదే.

ఈ రాతిగోడ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మ్యాప్ మోసం చేసేది ఇక్కడే. ఈ కొండలు చాలావరకు ఖొండలైట్, చార్నొకైట్ రాళ్లవి. పైన ఉన్న ఖొండలైట్ లక్షల ఏళ్ల వానకి నాని, అందులోని తేలికగా కరిగే పదార్థాలన్నీ కొట్టుకుపోయి, ఇనుము, అల్యూమినియం మిగిలి ఎర్రటి గట్టి పొరగా మారింది. గాలికొండ, రక్తకొండ, జెర్రెల, సప్పర్ల వైపు బాక్సైట్ అంటూ వార్తల్లో వినేది ఈ పొరే. కొండ నెత్తిన టోపీ పెట్టినట్టు కూర్చుని ఉంటుంది. పైన మట్టి పలచన, అందుకే పెద్ద చెట్టు నిలబడదు, గడ్డి మాత్రం పెరుగుతుంది. ఈ పొర అంచు చాలాచోట్ల నిలువుగా తెగి ఉంటుంది. రెండు మూడు నిలువుల ఎత్తు గోడ. కింది నుంచి చూస్తే ఎర్రగా గీత గీసినట్టు తెలుస్తుంది. పైనుంచి వస్తుంటే గడ్డి దాకా వచ్చి కాలు పెట్టబోయేదాకా తెలియదు.

ఇప్పుడు మ్యాప్ చూడండి. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల 1:50,000 పటాల్లో ఎత్తు గీతల మధ్య తేడా 20 మీటర్లు. అంటే పది, పన్నెండు మీటర్ల గోడ కూడా రెండు గీతల మధ్య ఇమిడిపోయి అసలు కనిపించకపోవచ్చు. ఫోన్ యాప్‌ల్లో కనిపించే ఎత్తు గీతలు ఉపగ్రహ కొలతల నుంచి లెక్కగట్టినవి. అవి ఇంకా నున్నగా చూపిస్తాయి. ఎవరో నడిచిన దారిని ఫోన్ గీతగా దాచిన జీపీఎక్స్ ట్రాక్ దింపుకుంటే చాలు అనేవాళ్లుంటారు. ఆ మనిషి ఏ నెలలో నడిచాడో, గడ్డి ఎంత ఎత్తుందో, మధ్యలో రెండుసార్లు వెనక్కి వచ్చాడో లేదో ఆ గీత చెప్పదు.

ఒకసారి అనంతగిరి వైపు ఒక కొండ మీద నాతో నలుగురు కుర్రాళ్లున్నారు, కింది ఊరి అతను ఒకడున్నాడు. పదకొండు ప్రాంతంలో మబ్బు కమ్మింది. పది అడుగుల అవతల మనిషి మసక. ఊరి అతను రాయి చూసుకుని కూర్చున్నాడు. "కూకోండి బాబూ, ఇది పోద్ది" అని బీడీ ముట్టించాడు. కుర్రాళ్లలో ఒకరికి ఓపిక లేదు. ఫోన్ తీసి, దిగే దారి ఇక్కడికి 150 మీటర్లే, బాణం చూపిస్తోంది, నేను ముందెళ్లి చూస్తానన్నాడు. నేను వద్దన్నాను. ఊరి అతను మాత్రం ఏమీ అనకుండా లేచి, ఆ బాణం చూపించిన వైపే ఆ కుర్రాడి చెయ్యి పట్టుకుని పాతిక అడుగులు నడిపించి ఆపాడు. కాళ్ల ముందు గడ్డి అయిపోయింది. ఒక రాయి తీసి విసిరితే శబ్దం కింద నుంచి కాస్త ఆలస్యంగా వచ్చింది. ఫోన్ అబద్ధం చెప్పలేదు. దారి నిజంగా 150 మీటర్ల దూరంలోనే ఉంది, గోడ కింద. ముప్పావు గంట కూర్చున్నాక మబ్బు ఎత్తేసింది, ఎడమ పక్కకి చుట్టు తిరిగి దిగాం.

అందుకే ఫోన్‌ని "నేనెక్కడున్నాను" అన్న ప్రశ్నకే వాడండి. "ఎటు పోవాలి" అన్నదానికి కళ్లు, ఊరి మనిషి. పైన గడ్డి మీదకి మొదటి అడుగు పెట్టగానే ఆగి వెనక్కి తిరగండి. అదే మీరు దిగాల్సిన ద్వారం. ఫోటో తీసుకోండి, ఫోన్‌లో ఆ చోటు గుర్తుపెట్టుకోండి, పక్కన ఉన్న చెట్టో వంకర బండో చూసుకోండి. పైన ఎంతసేపు తిరిగినా ఆ చోటికే రండి. అవతల వైపు దిగుదాం, కొత్త ఊరు చూద్దాం అన్న ఆలోచన రెండోసారి వెళ్లినప్పుడు పెట్టుకోవచ్చు.

నీటి వెంట దిగితే ఊరొస్తుందన్న మాట సగమే నిజం. ఇది మన పెద్దవాళ్లు చెప్పేదే, తప్పని కాదు. కానీ ఈ కొండల వరుస మీద కురిసిన వాన రెండు దిక్కులకు చీలిపోతుంది. తూర్పు వైపు పడింది గోస్తనిలోకో శారదలోకో చేరి, ఎంతో దూరం పోకుండానే సముద్రంలో కలుస్తుంది. గోస్తని బొర్రా గుహల్లోంచి, తాటిపూడి మీదుగా భీమిలి చేరుతుంది. పడమటి వైపు పడింది మాచ్‌ఖండ్‌లో కలిసి, సీలేరై, శబరిలో పడి, గోదావరి దాకా తిరిగి పోతుంది. పడమటి వైపు లోయలు వెడల్పు, వాలు తక్కువ. గెడ్డ, అంటే కొండవాగు, వెంట గంట నడిస్తే వరి మడులు, ఆ తర్వాత ఊరు తగులుతాయి. తూర్పు వైపు కొండ ఒక్కసారిగా మైదానంలోకి పడిపోతుంది. దేవరాపల్లి, మాడుగుల వైపు పొలాలు అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తాయి, మధ్యలో ఎనిమిది వందల మీటర్ల దిగుడు, అడవి, జారుడు బండలు, జలపాతాలు. అటు గెడ్డ పట్టుకుని దిగడం మొదలుపెడితే, దిగలేని చోటొకటి వస్తుంది. అప్పటికి వెనక్కి ఎక్కే ఓపిక అయిపోయి ఉంటుంది. మీరు ఏ వాలు మీద ఉన్నారో తెలియనంతవరకు గెడ్డని నమ్ముకోకండి.

మబ్బుల గురించి. వంజంగిలో మీరు చూసింది లోయలో పడుకున్న పొగమంచు. చలికాలం రాత్రి నేల చల్లబడితే పుడుతుంది, ఎండ ముదిరాక, ఎనిమిదిన్నరకో తొమ్మిదికో కరిగిపోతుంది. మీరు పైన ఉంటారు, అది కింద ఉంటుంది, కాబట్టి అందం. వానాకాలం మబ్బు అలా కాదు. జూన్ నుంచి అక్టోబరు దాకా మబ్బే వచ్చి కొండ నెత్తి మీద కూర్చుంటుంది. గంటలో పోవచ్చు, మూడు రోజులు ఉండొచ్చు. ఆ నెలల్లో కొత్తవాళ్లు బోడికొండ మీదకి వెళ్లడం నాకు ఇష్టం లేదు. పచ్చదనం అప్పుడే బాగుంటుందని ఫోటోలు చూసి ఉబలాటపడతారు. జలగలు, జారుడు, కనుచూపు లేదు. గెడ్డ పొద్దున మోకాలి లోతు, సాయంత్రానికి దాటలేరు.

నవంబరులో ఇంకో చిక్కుంది, తుపాన్లు. బంగాళాఖాతంలో అల్పపీడనం అని విన్నారంటే ప్రయాణం వాయిదా వేసుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన ఊరిని ఏం చేసిందో అందరికీ గుర్తే. అదే గాలి అరకు వైపు కాఫీ తోటల నీడ చెట్లను కూడా పడగొట్టింది. తుపాను విశాఖలో ఆగిపోదు, కొండ తగిలితే ఇంకా గట్టిగా కురుస్తుంది.

మార్చి దాటితే ఎండ, మంట, పిడుగు. గడ్డి ఎండి ఉంటుంది, పోడు కోసం పెట్టిన నిప్పు పైకి పాకుతుంది. గడ్డి మంట వాలు ఎక్కుతూ మనిషి కంటే వేగంగా వస్తుంది, కాబట్టి పైకి పరుగెత్తకండి. పక్కకి జరగండి, వీలైతే అప్పటికే కాలిపోయిన నల్లనేల మీదకి వెళ్లండి. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో ఉరుములు కడితే, చెట్టు లేని కొండ మీద అందరికంటే ఎత్తయిన వస్తువు మీరే. మెరుపు కనిపించాక 30 అంకెలు లెక్కపెట్టేలోపు ఉరుము వినిపిస్తే అది పది కిలోమీటర్ల లోపే ఉంది. ఆలోచించకుండా అంచు దిగి కిందకి రండి. ఒంటరి చెట్టు కింద మాత్రం నిలబడకండి.

చలి సంగతి చాలామంది తిరగేసి అనుకుంటారు. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున లోయలోని ఊళ్లోనే ఎక్కువ చలి, ఎందుకంటే చల్లగాలి బరువుగా కిందకి జారి అక్కడ నిలుస్తుంది. లంబసింగిలో వణికించేది అదే. పైన థర్మామీటరు కాస్త ఎక్కువే చూపించినా గాలి నమిలేస్తుంది. చెమట పట్టిన కాటన్ బనీనుతో ఆ గాలిలో పావుగంట కూర్చుంటే పళ్లు కొట్టుకుంటాయి. పొడి బనీను ఇంకోటి సంచిలో ఉండాలి, ఎక్కగానే మార్చుకోవాలి. గాలి ఆపే పలచటి జాకెట్టు ఒకటి చాలు. జీన్స్ వేసుకోవద్దని ఎంత చెప్పినా ఎవరో ఒకరు వేసుకొస్తారు. మంచుకి తడిసిన గడ్డిలో అరగంట నడిచాక ఆ ప్యాంటు బరువు వాళ్లకే తెలుస్తుంది.

టైం లెక్క. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ ఆయన ఒక సూత్రం చెప్పాడు, ఇప్పటికీ కొండ నడిచేవాళ్లు వాడతారు. అయిదు కిలోమీటర్లకు గంట, 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట. రోజుకి 12 కిలోమీటర్లు, 600 మీటర్ల ఎక్కుడు అనుకుంటే ఈ లెక్కన మూడున్నర గంటలు కూడా పట్టదు. మన కొండల మీద నా అనుభవంలో దాన్ని దాదాపు రెట్టింపు చేసుకోవాలి. గడ్డి కుదుళ్ల మధ్య అడుగు చూసి వెయ్యాలి, ఈత ముళ్లు పిక్కలకి గుచ్చుకుంటాయి, గెడ్డల దగ్గర ఆగాలి, ఫోటోలు సరేసరి. అంటే ఏడు గంటలు అనుకోండి. డిసెంబరులో మనకి అయిదున్నర కాకముందే పొద్దు గుంకుతుంది, లోయలో ఇంకా ముందే నీడ పడుతుంది. పొద్దున ఏడింటికి ఊళ్లోంచి బయల్దేరాలంటే ముందు రోజు రాత్రే ఆ ఊరు చేరాలి. విశాఖలో తెల్లవారి బస్సెక్కి అదే రోజు కొండ ఎక్కుదామనుకుంటే పదకొండున్నరకి ఎక్కడం మొదలవుతుంది, రెండింటికి దిగడం మొదలుపెట్టమన్న నా మాట గాలికి పోతుంది.

దారిలో పశువుల బాట, మనిషి బాట తేడా తెలుసుకుంటే సగం భయం పోతుంది. పశువుల బాటలు వాలుకి అడ్డంగా, పక్కపక్కనే నాలుగైదు మెట్లలా పోతాయి. కొంతదూరం పోయి చీలిపోయి గడ్డిలో మాయమైపోతాయి. పేడ చాలా ఉంటుంది, రెండు పక్కలా గడ్డి మేసి ఉంటుంది. మనిషి బాట ఒక్కటే గాడి, నడిమధ్య నేల గట్టిపడి నున్నగా ఉంటుంది. నిటారు ఎక్కుడు అయిపోయిన చోట బరువు దింపుకోవడానికి బల్లపరుపు రాయి ఒకటి ఉంటుంది. దారికడ్డం వచ్చిన కొమ్మల్ని కత్తితో ఏటవాలుగా నరికిన గుర్తులుంటాయి. అలాంటి బాట నీటికో, చేనుకో, ఊరికో, సంతకో పోతుంది. ఆ ప్రాంతంలో సంత ఏ రోజో కనుక్కుని, ఆ రోజు నడక పెట్టుకుంటే ఇంకా మంచిది. పొద్దున కావిళ్లతో, తట్టలతో, కోళ్లతో జనం వరుసగా దిగుతుంటారు, సాయంత్రం అదే వరుస ఎక్కుతుంది. ఏ దారి ఎక్కడికో అడిగితే చెప్పేవాళ్లుంటారు. దూరం మాత్రం అడగకండి, "ఇదిగో ఇక్కడే" అంటారు, రెండు కొండలు దాటాలి.

నీళ్లు పైన దొరకవు. చుట్టూ అంత పచ్చగా ఉంటే నీళ్లుండవా అంటారు. ఆ ఎర్రరాయి పొర అంతా బొరియలే, వాన పడ్డది పడ్డట్టు లోపలికి దిగిపోతుంది. దాని అడుగున తెల్లబంక మట్టి పొర తగిలి, ఇక దిగలేక పక్కకి జరిగి, గోడ పాదం దగ్గర ఊటగా బయటికొస్తుంది. కాబట్టి నీళ్ల కోసం వెతకాల్సింది అంచుకి కాస్త కింద, గుబురుగా ఫెర్న్ మొక్కలు, చెట్లు కనిపించే మడతల్లో. ఏజెన్సీలో చాలా ఊళ్లకి తాగునీళ్లు ఈ ఊటల దగ్గర చిన్న తొట్టి కట్టి పైపుతో దించినవే, మోటారు లేదు, కరెంటు లేదు. నా ఉద్యోగం ఇదే గనక ఇంకో మాట చెప్పాలి. ఆ తొట్టిలో కాళ్లు కడుక్కునేవాళ్లని, షాంపూ సాచెట్ చింపేవాళ్లని చూశాను. కింద ఒక ఊరు తాగేది ఆ నీళ్లే. పైపు కింద బాటిల్ పట్టుకోండి, దూరంగా పోయి కడుక్కోండి. మీరు తాగేది కాచి గానీ క్లోరిన్ బిళ్ల వేసి గానీ తాగండి. పైకి వెళ్లేటప్పుడు మనిషికి మూడు లీటర్లు మోయాల్సిందే.

ఊరి మనిషిని ఎలా పట్టుకోవాలి? రిసార్టుల దగ్గర బోర్డు పెట్టినవాళ్లని కాదు. ఆ కొండ కింది ఊరికే వెళ్లి, ఊరి పెద్దని గానీ, స్కూలు మాస్టారిని గానీ కలిసి, ఫలానా కొండ చూడ్డానికొచ్చాం, రేపు ఎవరైనా వస్తారా అని అడగండి. కుర్రవాళ్లకి తెలుగు బాగానే వస్తుంది. పెద్దవాళ్లు ఇంట్లో ఆదివాసీ ఒడియానో కువినో మాట్లాడతారు, తెలుగు అర్థమవుతుంది. మీరు వెళ్లే నెలలు కాఫీ పండు కోసే కాలం కాబట్టి అతను ఒక రోజు కూలి వదులుకుని వస్తున్నట్టు లెక్క. కూలి కంటే బాగా ఎక్కువ ఇవ్వండి, ఎంతో ముందే మాట్లాడుకోండి, మళ్లీ బేరం ఆడకండి. మీతో పాటు అతనికీ తిండి, నీళ్లు మీరే మోయాలి. అతను వద్దన్న చోట ఎందుకని వాదించకండి. కొన్ని కొండలకి, కొన్ని చెట్లకి వాళ్ల దేవతలుంటారు, చెప్పులు విప్పమంటే విప్పండి.

డ్రోన్ తీసుకెళ్లకండి. పటాలు పరుచుకుని వేలు చూపిస్తూ నిలబడకండి. ఈ కొండల్లో కొత్తవాళ్లు వచ్చి కొలతలు వేస్తే బాక్సైట్ కోసమేనన్న అనుమానం ఊరికే పుట్టలేదు. 2015లో జెర్రెల కొండల మీద తవ్వకాలకి అటవీ భూమి ఇస్తూ జీవో 97 వచ్చినప్పుడు ఏజెన్సీ అంతా అట్టుడికింది, 2019లో గానీ అది రద్దు కాలేదు. "సర్వే" అన్న మాటే నోట్లోంచి రానివ్వకండి. నేను ఊటలు చూడ్డానికి వెళ్లినప్పుడు కూడా ముందు అరగంట ఆ సంజాయిషీ చెప్పుకోవడానికే సరిపోయేది.

టెంటు ఎందుకు వద్దన్నానంటే, పైన గాలికి అది నిలవదు, మంచుకి తెల్లారేసరికి లోపల కూడా తడి. రిజర్వ్ ఫారెస్టు అయితే రాత్రి ఉండటానికి అటవీశాఖ అనుమతి కావాలి. సంధ్యవేళ, తెల్లవారుజామున ఎలుగుబంట్లు తిరుగుతాయి, పుట్టలు తవ్వుకుంటూ తల వంచుకుని వస్తాయి, మనిషిని దగ్గరికొచ్చేదాకా చూడవు. పోట్లాట అక్కడే వస్తుంది, కాబట్టి నడిచేటప్పుడు మాట్లాడుకుంటూ నడవండి. వీటన్నిటికంటే పెద్ద సంగతి ఇంకోటి. రాత్రిపూట కొండ మీద లైట్లు కనిపిస్తే కింద ఊరివాళ్లకీ, పోలీసులకీ వచ్చే మొదటి ఆలోచన గంజాయి. మీకు ఆ టెన్షన్ దేనికి? ఇదే కారణంతో, దారిలో ఎవరైనా ఈ సంచి వైజాగ్‌లో ఇచ్చేయండి బాబూ అంటే అది పసుపైనా సరే పుచ్చుకోకండి. తిరుగు దారిలో చెక్‌పోస్టుల్లో సంచులు విప్పుతారు, విప్పనివ్వండి. ఊళ్లో అడిగితే పడుకోవడానికి చోటిస్తారు, చోడి (రాగి) అంబలో అన్నమో పెడతారు. డబ్బు తీసుకోకపోతే పిల్లల చేతిలో పెట్టకుండా ఇంటావిడకి ఇవ్వండి. జీలుగు కల్లు ఇస్తే రుచి చూడండి, నడక అయ్యాక.

సామాను గురించి పెద్దగా రాయను. పట్టున్న బూట్లు, కర్ర, విజిల్, తలకి కట్టుకునే టార్చి, ఆ ప్రాంతం పటం ప్రింటు, పవర్ బ్యాంకు. పటంలో సెంటీమీటరు అంటే నేల మీద అరకిలోమీటరు, అది గుర్తుంటే చాలు. దిక్సూచి తీసుకుంటే మన దగ్గర అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ లోపే, సర్దుబాట్లేమీ అక్కర్లేదు.

కాలు మడత పడితే ఏమవుతుందో మాత్రం ముందే మాట్లాడుకుని వెళ్లండి. 108 బండి రోడ్డు ఉన్నదాకే వస్తుంది. అక్కడిదాకా మిమ్మల్ని తేవాల్సింది డోలీలో, ఊరివాళ్ల భుజాల మీద. ఒక్కో లోయలో ఒక్కో నెట్‌వర్క్ పనిచేస్తుంది, ముగ్గురూ ఒకే కంపెనీ సిమ్ పెట్టుకోకండి. మీ సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీది ఉంటే 112కి కాల్ పోతుంది. ఎక్కడ ఎక్కుతున్నారో, ఏ ఊళ్లో పడుకుంటారో, ఎన్ని గంటలకి ఫోన్ చేస్తారో ఇంట్లో కాగితం మీద రాసి పెట్టండి.

మీకు నా సలహా ఏంటంటే, పాడేరు వెనక వరుసలు మొదటి నడకకి పెట్టుకోకండి. ముందు గాలికొండ వైపు ఒక్క రోజు నడవండి. అనంతగిరి దాటాక ఘాట్‌రోడ్డు పక్కనే ఉంటుంది, రోడ్డు ఎటుందో ఎప్పుడూ తెలుస్తూనే ఉంటుంది. తర్వాత ఒడిశాలోకి దాటి కొరాపుట్ జిల్లాలో దేవ్‌మాలి, 1672 మీటర్లు. గడ్డి కొండ అంటే ఏమిటో అక్కడ కడుపునిండా చూడొచ్చు. రోడ్డు దాదాపు పైదాకా పోతుంది, ఆదివారం వదిలేసి వెళ్లండి. ఆ రెండూ మబ్బులో, ఎండలో చూశాక మీరనుకున్న రెండు రోజుల నడక పెట్టుకోండి. మొదటి రాత్రి ఒక ఊళ్లో, పైనుంచి నడిచి రెండో రాత్రి అవతలి ఊళ్లో. అవతలి వైపు దిగే దారి తెలిసిన మనిషి కావాలి కాబట్టి, ఆ అవతలి ఊళ్లో చుట్టాలున్న వాళ్లని అడగండి, సంతోషంగా వస్తారు.

తిరిగొచ్చాక మూడు నాలుగు వారాల్లో జ్వరం వస్తే పారాసెటమాల్ వేసుకుని ఊరుకోకండి. డాక్టర్‌తో మొదటి వాక్యమే "ఏజెన్సీ వెళ్లొచ్చాను" అని చెప్పండి. విశాఖ క్లినిక్‌లో మీరు చెప్పకపోతే మలేరియా పరీక్ష ముందే రాయాలని వాళ్లకి తట్టకపోవచ్చు, అక్కడి మలేరియాలో మెదడుకెక్కే రకమే ఎక్కువ. గడ్డిలో కూర్చున్నప్పుడు కుట్టే చిన్న పురుగుల వల్ల స్క్రబ్ టైఫస్ కూడా వస్తుంది, సుమారు పది రోజులకి జ్వరం మొదలవుతుంది. చంకల్లో, గజ్జల్లో, నడుము పట్టీ దగ్గర నొప్పి లేని నల్లటి చెక్కు కట్టిన పుండు ఉందేమో వెతికి డాక్టర్‌కి చూపించండి. తొందరగా పట్టుకుంటే మామూలు మందులతోనే తగ్గుతుంది.

ఏ నెలలో వెళ్తున్నారో, ఎటువైపు ఊరు అనుకుంటున్నారో రాస్తే అక్కడ దిగే దారుల గురించి నాకు తెలిసింది చెప్తాను.